దీపం కొండెక్కాక

తెనాలిలో మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. రాత్రి తొమ్మిదింటికి షట్టరు సగం దించి, గల్లాపెట్టె ముందు కూర్చుని చిట్టా తీసేవాడు. నగదు ఎంత, అరువు ఎంత, ఎవరి ఖాతాలో ఎంత. లెక్క కుదిరేదాకా ఇంటికి వచ్చేవాడు కాదు. అన్నం చల్లారిపోతోందని అమ్మ నన్ను పంపేది. ఒకసారి నాలుగు రూపాయల తేడా పట్టుకుని గంటసేపు కూర్చుండిపోయాడు. "నాలుగు రూపాయలే కదా నాన్నా, నా డిబ్బీలోంచి ఇస్తాలే" అన్నాను. "నువ్విస్తే డబ్బు సరిపోతుందిరా, లెక్క సరిపోదు" అన్నాడు తలెత్తకుండానే.

ఏళ్ల తర్వాత సెనెకా చదువుతుంటే ఆ సగం దించిన షట్టరు గుర్తొచ్చింది. క్రీస్తు శకం మొదటి శతాబ్దపు రోమన్ తత్వవేత్త సెనెకా. కోపం మీద మూడు భాగాల గ్రంథం రాసి, తన అన్న నొవాటస్‌ని ఉద్దేశించి చెప్పాడు. (ఈ అన్నగారే తర్వాత దత్తు వెళ్లి పేరు మార్చుకున్నాడు. బైబిల్ చదివేవాళ్లకి ఆయన తెలుసు. అపొస్తలుల కార్యాల్లో, పౌలు మీద వచ్చిన ఫిర్యాదును కొట్టేసి పంపించిన గల్లియోను ఆయనే.) మూడో భాగం చివర్లో తన రాత్రి అలవాటు ఒకటి చెప్తాడు. గదిలోంచి దీపం తీసేశాక, సంగతి తెలిసిన భార్య మాటలు ఆపేశాక, పొద్దుటినుంచీ తను అన్న మాటలూ చేసిన పనులూ ఒక్కొక్కటే ముందు పెట్టుకుని విచారిస్తాడు. ఫిర్యాదీ, ముద్దాయి, జడ్జీ అన్నీ తనే. సెక్స్టియస్ అనే పాతతరం తత్వవేత్త నుంచి తెచ్చుకున్న అలవాటట.

నన్ను పట్టేసింది ఆ విచారణలో బయటపడ్డ నేరాల చిన్నతనం. చెప్పినా ఎక్కనివాళ్లతో అనవసరంగా వాదన పెట్టుకోవడం. ఒకడికి బుద్ధి చెప్పబోయి, వాడు బాగుపడకుండా నొచ్చుకునేలా మాట్లాడటం. విందులో ఎవడో వేసిన జోకుకి లోలోపల ఉడికిపోవడం. సెనెకా లాంటి స్టోయిక్ తత్వవేత్తల గురించి మాట్లాడేవాళ్లు మామూలుగా పెద్ద కథలు చెప్తారు. అమెరికన్ నౌకాదళ పైలట్ జేమ్స్ స్టాక్‌డేల్ 1965లో ఉత్తర వియత్నాంలో పట్టుబడి, ఏడేళ్లకు పైగా చెరలో, స్టోయిక్ గురువు ఎపిక్టెటస్‌ని తలుచుకుంటూ నిలబడ్డ కథ లాంటివి. నిజమైన కథే, గొప్పదే. కానీ నా విమానాన్ని ఎవరూ కూల్చలేదు. నా కష్టాలన్నీ విందులో జోకు సైజువి.

అందుకని మూడేళ్ల క్రితం నేనూ మొదలుపెట్టాను. సెనెకా మనసులోనే విచారించుకునేవాడు. నేను కొట్టువాడి కొడుకుని కాబట్టి రాసుకుంటాను. మొదట ఆన్‌లైన్‌లో పన్నెండు వందలు పెట్టి తోలు అట్ట నోట్‌బుక్ తెప్పించాను. అట్ట మీద రోమన్ చక్రవర్తి బొమ్మ. తర్వాత లూసియన్ అనే రెండో శతాబ్దపు హాస్యరచయిత చెప్పిన సంగతి ఒకటి చదివి సిగ్గేసింది. ఎపిక్టెటస్ వాడిన మట్టి దీపాన్ని ఆయన పోయాక ఒకడు మూడు వేల ద్రాక్మాలకు కొన్నాడట. దాని వెలుగులో చదువుకుంటే ఆ జ్ఞానం తనకీ వస్తుందని ఆశ. తోలు నోట్‌బుక్ మా అబ్బాయికి ఇచ్చేసి, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌కి మారాను.

ఆ మట్టి దీపం వెనక ఇంకో కథ ఉంది. ఎపిక్టెటస్ ఇంట్లో ముందు ఇనప దీపం ఉండేది. దొంగ ఎత్తుకుపోయాడు. రేపటినుంచి మట్టిది పెట్టుకుందాం అనుకుని ఊరుకున్నాడాయన. బానిసగా పెరిగి, కుంటికాలితో నడిచి, చివరికి రోమ్ నుంచి కూడా వెళ్లగొట్టబడ్డ మనిషికి దీపం ఒక లెక్కా అనిపించొచ్చు. నాకు మాత్రం చెప్పుల స్టాండులో చెప్పులు పోతేనే మూడు రోజులు పడుతుంది తేరుకోవడానికి.

సెనెకా భార్య నిశ్శబ్దంగా ఉండేదట. మా ఆవిడ అలా కాదు.

"ఏంటండీ రోజూ ఆ రాత? నా మీదేనా?"

"నీ మీద కాదు, నా మీదే."

"అయితే పొద్దున వాచ్‌మన్‌ని అన్నమాట కూడా రాయండి."

రాశాను. పార్కింగ్‌లో వేరే బండి పెట్టనిచ్చాడని అందరి ముందూ కేకలేశాను. రాస్తుంటే తెలిసింది, అసలు మంట అతని మీద కాదు. అంతకుముందు ఒక ఆఫీసులో గంటన్నర నిలబెట్టి, రేపు రమ్మన్నారు. అక్కడ నోరు పెగల్లేదు. ఇక్కడ పెగిలింది. సెనెకా కూడా ఇలాంటి మిత్రుడి గురించే రాశాడు. డబ్బున్నవాడి గుమ్మం దగ్గర కాపలావాడు లోపలికి పోనివ్వలేదని ఊగిపోయిన మిత్రుడు. రెండు వేల ఏళ్లయినా గుమ్మం దగ్గరివాడికే తగులుతోంది.

స్టోయిక్ అంటే బండరాయి అని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఆ పేరుకి రాయితో సంబంధం లేదు. ఏథెన్స్‌లో బొమ్మలు గీసిన గోడలతో ఒక పెద్ద వసారా ఉండేది, స్టోవా. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో జెనో అక్కడ పాఠం చెప్పేవాడు, పేరు దాన్నుంచి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే అరుగు బడి.

ఆ బడిలో అందరికీ తెలిసిన పాఠం ఎపిక్టెటస్‌ది. మన చేతిలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని, ముందు ఆ రెంటినీ విడదీసుకోమంటాడు. నేను కూడా పేజీ మధ్యలో గీత కొట్టి రెండు వైపులా రాసేవాణ్ణి. మొన్న సంక్రాంతికి పాత పేజీలు తిరగేస్తే, కుడివైపు, అంటే చేతిలో లేనివాటి వైపు, ఒకే మాట పదే పదే కనిపించింది. "చెల్లి కోపం." ఎనిమిది నెలలు.

నాన్న పోయాక తెనాలి ఇల్లు అమ్మాం. "అమ్మాం" అని రాశాను గానీ, బేరం ఖాయం చేసింది నేనే. చెల్లెల్ని సంతకానికి పిలిచాను. ఆమె వాటా పైసాతో సహా బ్యాంకులో వేశాను. అప్పటినుంచి ఆమె మాట్లాడటం లేదు. ఎదుటివాళ్ల కోపం మన చేతిలో లేదు కదా, ఎపిక్టెటస్ లెక్క ప్రకారం కుడివైపే. అక్షరాలా నిజం. ఆ నిజం చాటున ఎనిమిది నెలలు హాయిగా దాక్కున్నాను. ఫోన్ చేయడం ఏ వైపు రాయాలో ఒక్క రాత్రి కూడా నన్ను నేను అడగలేదు.

ఈ విద్యలో మోసం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. దాన్ని నేర్పినవాళ్లకీ తప్పలేదు. కోపం గురించి అంత బాగా రాసిన సెనెకా తర్వాత చక్రవర్తి నీరోకి గురువయ్యాడు, సలహాదారయ్యాడు, కోట్లు గడించాడు. 59లో నీరో తల్లిని చంపించి, దాన్ని సమర్థించుకుంటూ సెనేట్‌కి లేఖ పంపితే, అది రాసింది సెనెకాయేనని జనం ఆడిపోసుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ చెప్తాడు. ఆ రాత్రి దీపం తీసేశాక ఆయన ఏం విచారించుకున్నాడో! ఆరేళ్ల తర్వాత అదే నీరో ఆజ్ఞ మీద ప్రాణం తీసుకోవాల్సి వచ్చింది.

ఎపిక్టెటస్ ఇంకో చిట్కా చెప్పాడు. స్నానశాలకి బయల్దేరే ముందే అక్కడేం జరుగుతుందో తలుచుకోమంటాడు. నీళ్లు చల్లేవాళ్లుంటారు, తోసేవాళ్లుంటారు, తిట్టేవాళ్లుంటారు, బట్టలు కొట్టేసేవాళ్లుంటారు. అలా తలుచుకుని వెళ్తే అక్కడ తిక్క రేగదు. కనుమ మర్నాడు పొద్దున్నే ఫోన్ పట్టుకుని నేనూ తలుచుకున్నాను. ఎత్తకపోవచ్చు. ఎత్తి పెట్టేయొచ్చు. బేరం సంగతి ఎత్తొచ్చు. ఏడవొచ్చు. బావగారికి ఇచ్చేయొచ్చు. అన్నిటికీ సిద్ధపడే నంబరు నొక్కాను.

ఎత్తింది. కొంచెంసేపు ఏమీ అనలేదు.

"అడక్కుండా అమ్మేయడం తప్పేనమ్మా" అన్నాను.

"ఇల్లు సరేలే అన్నయ్యా" అంది. "అటక మీద నాన్న చిట్టాలుండాలి, ఎర్రగుడ్డ అట్టలవి. ఏం చేశావు?"

ఇది నా జాబితాలో లేదు.

"పాత పేపర్లవాడికి వేసేశాను."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేదమ్మా. పదకొండు కిలోలు తూగాయి."