గీత కమోడ్ మీద, జబ్బు ట్యాంకులో

పల్నాడులో బోరు నీళ్ల మీద బతికే ఇల్లు ఏదైనా సరే, కమోడ్ వెనకవైపు ఒక గీత కనిపిస్తుంది. అంచు కింద సన్నగా మొదలై, అడుగున నిలిచిన నీళ్ల దాకా వెడల్పవుతూ దిగే తెల్లటి చార. బోరులో ఇనుము కూడా ఉంటే అది పసుపుపచ్చగానో ఇటుక రంగులోనో ఉంటుంది. ఇంటివాళ్లు దాన్ని మురికి అనుకుంటారు. యాసిడ్ పోస్తారు, చేతులు నొప్పెట్టేలా రుద్దుతారు. కొన్నాళ్లకు గీత మళ్లీ తేలుతుంది, మళ్లీ యాసిడ్ సీసా వస్తుంది. పైనున్న ఫ్లష్ ట్యాంకు రాత్రింబవళ్లు సన్నగా కారుతుంటే అలాంటి గీత పడుతుంది. కాబట్టి రుద్దాల్సింది కమోడ్‌ను కాదు, ముందు విప్పాల్సింది ట్యాంకు మూతను. ఇంటి మరమ్మతుల్లో నాకు చాలా ఇష్టమైన పని ఇది. ఈ పని గురించి పత్రికల్లో ఎవరూ రాయరు కాబట్టి ఈ వారం నేను రాస్తున్నాను.

ముందు నేల సంగతి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే వెలవలేదు. మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి. వాన నీరు గాలిలోంచి కొంత, మట్టిలోంచి అంతకన్నా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని, ఓ మోస్తరు పులుపెక్కి రాతిలోకి ఇంకుతుంది. ఆ పులుపుకి రాయి కరుగుతుంది. కరిగిన సున్నం బోరు నీళ్లలో పైకొస్తుంది. నీరు బయటపడగానే ఆ వాయువు గాలిలోకి పోతుంది. అది పోయాక సున్నం నీళ్లలో నిలవలేదు. దొరికిన చోటల్లా మళ్లీ రాయిగా పేరుకుంటుంది. బెలుం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు చుక్క చుక్కగా పెరిగింది ఇలాగే. అదే రసాయనం మన ట్యాంకులో, పంపులో, కమోడ్ అంచు కింద రోజూ పనిచేస్తోంది. తాండూరు, బేతంచెర్ల, కడప వైపు రాయి కూడా ఇదే జాతి. హైదరాబాద్ చుట్టూ గ్రానైటు నేల అయినా, లోతైన బోర్లు తవ్వుకున్న కాలనీల్లో కమోడ్ మీద గార ఏమీ తక్కువ కాదు.

కమోడ్ అడుగున ఇంకొకటి తోడవుతుంది. నిలవున్న మూత్రం విరిగి అమ్మోనియా పుట్టినప్పుడు నీటి క్షారగుణం పెరుగుతుంది, దాంతో నీళ్లలోని కాల్షియం ఇంకా తొందరగా గడ్డకడుతుంది. అడుగున గోధుమరంగులో గరుగ్గా తగిలే పొర అదే. రాత్రి పడుకునే ముందు ఒకసారి నిండుగా ఫ్లష్ చేయమని మా ఇంట్లో పిల్లలకు చెప్పేది ఇందుకే.

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్లు వదిలారు. ఆ కాలువ నీళ్లు కుళాయిలో వచ్చే వీధికీ, బోరు తప్ప దిక్కులేని కొత్త లేఅవుట్‌కీ తేడా ఏమిటో ప్లంబర్‌ను అడిగితే చెప్తాడు. ఒకచోట ఫ్లష్ ట్యాంకు అడుగున ఉండే రబ్బరు వాషరు ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది. ఇంకొకచోట పండగ పండగకీ గట్టిపడి రాయవుతుంది.

లెక్కలో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. తాగునీటికి మన దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేని చోట 600 వరకు సరిపెట్టుకోవచ్చు. ఆ 600 ఉన్న నీళ్లే మీ డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో ఉన్నాయనుకోండి, అందులో కనపడకుండా కరిగి ఉన్నది 600 గ్రాముల సున్నానికి సమానం. ఇప్పుడు ఫ్లష్ ట్యాంకు నిమిషానికి ఒక చిన్న గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల చొప్పున కారుతోందనుకుందాం. చెవి ఒగ్గి వింటే తప్ప తెలియని కారుడు అది. రోజు తిరిగేసరికి 288 లీటర్లు పోతాయి. ఆ నీళ్లతో పాటు 170 గ్రాములకు పైగా సున్నం కమోడ్ వెనకగోడ మీదుగా దిగి వెళ్తుంది. అందులో ఏ కొంచెం అంటుకున్నా గీత పడక ఏమవుతుంది? పైగా అన్ని నీళ్లు తోడటానికి మోటారు తిరగాలి, ఎండాకాలంలో అయితే ట్యాంకరుకు డబ్బు కట్టాలి. కారుతున్నది ఆపకుండా గీతను రుద్దితే ఆ కష్టానికి అంతుండదు.

కారుతోందో లేదో తేల్చుకోవడం తేలిక. బట్టలకు పెట్టే నీలం మందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఒక ఇరవై నిమిషాలు ఎవరినీ ఫ్లష్ చేయవద్దనండి. కమోడ్‌లోకి నీలం దిగితే కారుతున్నట్టే. తర్వాత ట్యాంకులో నీటిమట్టం చూడండి. నిలువుగా ఉన్న ఓవర్‌ఫ్లో గొట్టం మూతి దాకా నీళ్లు వచ్చి అందులోకి పొర్లుతున్నాయంటే తప్పు నీళ్లు నింపే వాల్వుది, ఫ్లోట్‌ది. మట్టం గొట్టం మూతికి కిందే ఉండి కూడా కారుతోందంటే తప్పు అడుగున ఉన్న వాషరుది. ఈ ఒక్క తేడా తెలిస్తే అక్కర్లేని సామాను కొనే పని సగం తగ్గుతుంది. సామాను షాపుకెళ్లి వాషరు ఒక్కటే ఇవ్వమంటే, “సెట్టే మార్చేయండి సార్, గొడవ వదిలిపోద్ది” అంటారు. వదలదు. నీళ్లు అవే కాబట్టి కొత్త సెట్టుకీ అదే గార పడుతుంది. చాలాసార్లు కావలసింది సెట్టూ కాదు, వాషరూ కాదు, శుభ్రం చేయడం.

ఆ పని ఇలా చేస్తాను. ట్యాంకుకు నీళ్లొచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేస్తాను. రెండు బటన్ల ట్యాంకుల్లో మధ్యనున్న వాల్వును ఎడమవైపు కాస్త తిప్పితే చాలావరకు చేతిలోకి వచ్చేస్తుంది. దాని అడుగున ఉంగరంలా ఉండే రబ్బరు వాషరు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాలి. కంటికి ఏమీ కనపడకపోయినా వేలికి ఎక్కడో ఒకచోట ఇసుకలా తగులుతుంది. వాషరు కూర్చునే గట్టు మీదా అంతే. ఆవగింజలో సగం లేని గార పలుకు చాలు, ట్యాంకంతా కారడానికి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు మగ్గుడు గోరువెచ్చని నీళ్లలో కలిపి, విప్పిన వాల్వునూ వాషరునూ అందులో వేస్తే సన్నగా బుడగలు వస్తాయి. ఎప్పుడో రాతిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు బయటికి వస్తోందన్నమాట. ఒకటి రెండు గంటలు నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, గట్టును అదే నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించాలి. వాషరు ఒకవైపు అరిగి గాడి పడితే తిరగేసి పెట్టి కొంతకాలం నడపొచ్చు. రబ్బరు బిరుసెక్కి మడతకు చిట్లితే మాత్రం కొత్తది వేయాల్సిందే. వేసిన తేదీని ట్యాంకు మూత లోపలివైపు మార్కరుతో రాసిపెడతాను. ఆ వరుస చూస్తే మన నీళ్లకు ఏది ఎంతకాలం ఆగుతుందో తెలిసిపోతుంది, తర్వాత వచ్చే ప్లంబరుకీ అక్కరకొస్తుంది.

ఇందులో కష్టమేమీ లేదు. అయినా చదువుకున్న ఇళ్లలో కూడా ఆ మూత ఎవరూ ఎత్తరు. ట్యాంకులో ఉన్నది మనం మొహం కడుక్కునే కుళాయిలో వచ్చే నీళ్లే. అయినా అది దొడ్డి సామాను కాబట్టి చెయ్యి పెట్టకూడదనే జంకు. ఈ పని ఎవరో ఒకరు, మనకన్నా తక్కువని అనుకునేవాళ్లు, చేయాలన్న అలవాటు మనలో తరతరాలుగా పాతుకుపోయింది. యాసిడ్ మీద మనకున్న మోజు కూడా దాని కొమ్మే అని నా నమ్మకం. దూరం నుంచి పోస్తే చాలు, తాకనక్కర్లేదు. తాకాల్సిన పని పనిమనిషికి వదిలేస్తాం. ఆవిరి ఆమె పీలుస్తుంది, చేతులు ఆమెవి పొక్కుతాయి.

యాసిడ్ గురించి తెలిసింది గట్టిగానే చెప్తాను. హైడ్రోక్లోరిక్ యాసిడ్ గారను కరిగిస్తుంది, నిజమే. కానీ గారకూ మన బాత్‌రూం నేలకూ తేడా దానికి తెలియదు. కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల బండ అన్నీ సున్నపురాళ్లే. చింది పడ్డచోట నునుపు పోయి గుంటలు పడతాయి, టైళ్ల మధ్య సిమెంటు తినేసుకుపోతుంది, కుళాయిల మీది మెరుపు పూత ఆవిరికే నల్లబడుతుంది. సీసాలకు సీసాలు కుమ్మరిస్తే సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి. అన్నిటికన్నా ప్రమాదం ఇంకొకటుంది. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూంలో అది ప్రాణాలు తీయగలదు. ఈ రెండూ కలపకూడదని ప్రతి ఇంట్లో పనిచేసేవాళ్లకూ, పిల్లలకూ చెప్పి తీరాలి. ఆడపిల్లల మీద యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013లో చిల్లర అమ్మకానికి కట్టుబాట్లు పెట్టింది. అయినా పేరులేని సీసాల్లో బాత్‌రూం యాసిడ్ వీధుల్లోకి వస్తూనే ఉంది. ఆ సీసా మీ ఇంట్లోకి రాకుండా ఆపడం మీ చేతుల్లో ఉంది.

మరి పేరుకున్న గార ఎలా పోవాలి? ఓపికతో పోతుంది. మగ్గుతో కమోడ్‌లో నిలిచిన నీళ్లను తోడేసి, నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచిన పాత గుడ్డముక్కలనో టిష్యూ కాగితాలనో గీత మీద అంటించి రాత్రంతా వదిలేయండి. అంచు కింద నీళ్లొచ్చే రంధ్రాలు మూసుకుపోయి ఫ్లష్ నీరసంగా వస్తుంటే అక్కడా ఇదే వైద్యం. చిన్న అద్దం కింద పట్టి చూస్తే ఏ రంధ్రం పూడిందో కనిపిస్తుంది. పొద్దున్నే బ్రష్‌తో తోమితే చాలావరకు ఊడుతుంది, ముదిరినదైతే ఇంకో రెండు రాత్రులు కావాలి. బ్లేడుతో, ఇనుప పీచుతో గీకొద్దు. పింగాణీ నునుపు పోయినచోట గార మరింత గట్టిగా పట్టుకుంటుంది. సలసల కాగే నీళ్లు కూడా పోయొద్దు, కమోడ్ పగలొచ్చు.

మిగిలినవి చిన్నవి. ట్యాంకు నిండటానికి ఆలస్యమవుతుంటే నీళ్లొచ్చే గొట్టం మొదట్లో ఉండే జల్లెడ విప్పి కడగాలి. హెల్త్ ఫాసెట్ జల్లు పక్కలకు చిమ్ముతుంటే తల విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో వేయాలి. వాడుకున్నాక దాని కాక్ కట్టేయాలి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు గొట్టం పగిలి ఇల్లు తడుస్తుంది. ప్లాస్టిక్ నట్లను స్పానరుతో బిగించకండి, చేతి బిగువు చాలు. వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించుకుంటే ఈ బాధ చాలా తగ్గే మాట నిజమే. అయితే దానికి ఉప్పు పోస్తూ ఉండాలి, అది వదిలే ఉప్పునీరు మొక్కలకు పనికిరాదు. స్థోమత ఉన్నవాళ్ల మాట అది.

కమోడ్ అడుగున వంపు గొట్టం, అంటే ట్రాప్, గార పట్టి ఇరుకైపోయి నీళ్లు దిగకపోతే, లేదా సెప్టిక్ ట్యాంకు నిండి పైకి తన్నుతుంటే, అప్పుడు మన చేతి పని అయిపోయింది. ప్లంబరును పిలవాలి, ట్యాంకుకైతే యంత్రమున్న బండిని పిలవాలి. తగిన రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013లో వచ్చిన చట్టం నేరం చేసింది. ఎంత తొందరున్నా, ఎవరు ఎంత తక్కువకి ఒప్పుకున్నా దింపకూడదు. ప్లంబరు వచ్చినప్పుడు కొత్త సామాను అంటగట్టకుండా విప్పి, కడిగి, బిగించి ఇస్తే, కొత్తది వేసినప్పుడు ఇచ్చే కూలికి పైసా తగ్గించకండి. మనం వస్తువుకే డబ్బిచ్చి పనికి ఇవ్వకపోబట్టే అతను కూడా “సెట్టు మార్చేద్దాం” అంటున్నాడు.

ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక మాట. గోడలో దాచే కన్సీల్డ్ ట్యాంకులు చూడముచ్చటగా ఉంటాయి. బోరు నీళ్ల ఊళ్లో మాత్రం వాషరు దాకా చెయ్యి దూరేంత పలక ముందు ఉంటేనే పెట్టించుకోండి, లేకపోతే వాషరు కోసం టైళ్లు పగలగొట్టాల్సి వస్తుంది. యాంగిల్ కాక్‌ను కమోడ్ వెనక సందులో ఇరికించకుండా పక్కన చేతికందేలా పెట్టించండి, నెలకోసారి పూర్తిగా కట్టి విప్పండి. అలా కదపకపోతే లోపల గార పట్టి బిగుసుకుపోతుంది. బిగుసుకున్నదాన్ని బలవంతంగా తిప్పితే గోడ లోపల పైపు విరుగుతుంది. అలాంటి రోజు కోసం డాబా మీద, ప్రతి బాత్‌రూముకీ దిగే పైపుకి విడిగా ఒక గేట్ వాల్వు పెట్టమని మేస్త్రీకి ముందే చెప్పండి.