అస్సామీ, కుర్దీ భాషలు: పోలిక ఎక్కడ?

రెండు భాషలను పోల్చడమంటే రెండు పదపట్టికలను పక్కపక్కన పరచడమే అనుకునే అలవాటు మన పండితులలో ఇంకా పోలేదు. ఆ పద్ధతి నిరర్థకమని నేననను. కాని అది మనను ఎంతదూరం తీసుకుపోతుందో, ఎక్కడ వదిలిపెడుతుందో తెలుసుకోవడం అవసరం. అందుకు అస్సామీ, కుర్దీ భాషలు మంచి ఉదాహరణ.

రెండూ ఇండో-ఇరానియన్ కుటుంబంలోవే. అస్సామీ భారతీయార్య శాఖకు తూర్పు కొసన, బ్రహ్మపుత్ర లోయలో ఉంది. కుర్దీ ఇరానియన్ శాఖలోది; టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియా దేశాలు పంచుకున్న ప్రాంతంలో దానిని మాట్లాడుతారు. పదికి అస్సామీలో 'దహ్', కుర్దీలో 'దెహ్'. పేరుకు అస్సామీలో 'నామ్', కుర్దీలో 'నావ్'. సంస్కృత 'సప్త'కు సాటివచ్చే మాట కుర్దీలో 'హెఫ్త్'. అస్సామీలో 'సాత్' అని రాసినా మొదటి అక్షరాన్ని సకారంగా పలకరు. గొంతు వెనుకనుంచి ఒరిపిడితో వచ్చే ఖకారం వంటి ధ్వనితో పలుకుతారు. అటువంటి ధ్వని కుర్దీలోనూ ఉంది. రక్తాన్ని వారు 'ఖ్వీన్' అంటారు. ఐతే ఈ సామ్యాన్ని చూసి దగ్గరి చుట్టరికం కలపడం తొందరపాటు. రెండుచోట్లా ఆ ధ్వని వేర్వేరు దారులలో వచ్చింది.

నిర్మాణంలో దూరం ఇంకా ఎక్కువ. కుర్దీలోని కుర్మాంజీ మాండలికంలో నామవాచకాలకు స్త్రీ పుంలింగ భేదం ఉంది. అస్సామీలో వ్యాకరణ లింగమే లేదు. 'నేను నిన్ను చూశాను' అన్నప్పుడు అస్సామీ క్రియ కర్తను అనుసరిస్తుంది; కుర్మాంజీలో భూతకాలపు సకర్మక క్రియ కర్మను అనుసరిస్తుంది. అస్సామీలో మనిషికి ఒక ప్రత్యయం, పలచని వస్తువుకు వేరొక ప్రత్యయం చేరుతాయి: 'మానుహ్‌జన్', 'కితాప్‌ఖన్'. కుర్దీకి ఈ ఏర్పాటు లేదు. కాని ఆ 'కితాప్' మాత్రం 'కితేబ్' రూపంలో ఉంది. ఇద్దరిదీ అరబ్బీనుంచి వచ్చిన మాటే.

పుస్తకమనే మాట ఇద్దరికీ ఉంది. బడిలో పిల్లవాడి చేతికి ఆ పుస్తకం ఏ భాషలో వచ్చిందని అడిగితే పదపట్టిక జవాబు చెప్పదు. అసలు పోలిక అక్కడ మొదలవుతుంది.

ఈ రెండు భాషలూ ఒకే నింద మోశాయి. అస్సామీ వట్టి బెంగాలీ యాస అన్నారు. కుర్దీ చెడిపోయిన ఫారసీ అన్నారు. టర్కీలో కుర్దులనే కొండ టర్కులన్నారు. నిజానికి 14వ శతాబ్దంలోనే మాధవ కందలి అస్సామీలో రామాయణం రాశాడు. అహ్మద్ ఖానీ 1683లో కుర్దు పిల్లలకోసం అరబ్బీ-కుర్దీ పద్యనిఘంటువు కూర్చి, 1692లో 'మెమ్ ఊ జీన్' కావ్యం ముగించాడు. సాహిత్యం లేకపోవడంవల్ల ఈ నింద రాలేదు. అది భాషాశాస్త్రపు తీర్పు కాదు, పాలకుల తీర్పు.

1826లో యాండబూ సంధితో అస్సాం కంపెనీ చేతికి వచ్చింది. 1836లో కచేరీలలో, బడులలో బెంగాలీ ప్రవేశపెట్టారు. దీనిని బెంగాలీ గుమాస్తాల కుట్ర అని కొందరు తేల్చివేస్తారు. ఆ మాట తేలిక; ఒకే భాషతో పాలన నడిపితే కంపెనీకి కలిగే సౌకర్యం ముఖ్యమైన కారణం. 1846లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు శివసాగర్‌నుంచి 'అరుణోదయ్' పత్రిక తెచ్చారు. 1855లో ఆనందరామ్ ఢేకియాల్ ఫూకన్ పాలకుల భాషలోనే, ఇంగ్లీషులో, అస్సామీ స్వతంత్ర భాష అని వాదిస్తూ చిన్న పుస్తకం ప్రకటించాడు. 1873లో అస్సామీ తన స్థానం తిరిగి పొందింది. 1889లో అస్సామీ విద్యార్థులు 'జోనాకి' పత్రికను కలకత్తాలోనే స్థాపించారు. బెంగాలీ పెత్తనంతో తగవు, బెంగాలీ సాహిత్యంతో స్నేహం - రెండూ ఒక్కసారే సాధ్యమని ఆ యువకులు చూపారు.

కుర్దీ కథ ఇలా సాగలేదు. మొదటి కుర్దీ పత్రిక 'కుర్దిస్తాన్' 1898లో పుట్టింది కుర్దుల నేలమీద కాదు, కైరోలో. తరువాత జెనీవాకు, ఇంగ్లండుకు వలసపోయింది. 1920 నాటి సెవ్ర్ సంధిలో వినిపించిన కుర్దు స్వయంపాలన మాట 1923 నాటి లోజాన్ సంధిలో లేదు. 1932లో జెలాదెత్ బెదిర్‌ఖాన్ లాటిన్ లిపిలో కుర్దీని స్థిరపరచిన 'హవార్' పత్రిక కూడా డమాస్కస్ ప్రవాసంలోనిదే. ఇరాక్, ఇరాన్ కుర్దులకు అరబ్బీ లిపే మిగిలింది. ఒకే భాషవారు ఒకరి అచ్చును ఒకరు చదువుకోలేని స్థితి ఏర్పడింది. టర్కీలో 1983 నాటి చట్టం కుర్దీ పేరైనా ఎత్తలేదు. టర్కీ గుర్తించిన రాజ్యాల ప్రథమ అధికారభాషలు తప్ప తక్కిన భాషలలో అభిప్రాయప్రకటన నిషేధించింది. రాజ్యంలేని భాషకు నోరు కూడా లేదని దాని సారాంశం. 1991లో ఆ చట్టం పోయింది. 2012లో కుర్దీ బడులలో ఐచ్ఛికాంశమైంది. ఇరాక్‌లో మాత్రం 2005 రాజ్యాంగం దానిని అరబ్బీతోపాటు అధికారభాషగా గుర్తించింది.

ఈ తేడాకు కారణమేమిటి? కుర్దీ మాట్లాడేవారి సంఖ్య చిన్నది కాదు. 2011 లెక్కల ప్రకారం అస్సామీ మాతృభాషగా గలవారు 1.53 కోట్లు, కుర్దీవారు అంతకు తక్కువ లేరు. తేడా మరొకచోట ఉంది. బ్రిటిషువారికి అస్సామీ ఒక పరిపాలనా సౌకర్యపు ప్రశ్న. అర్జీలు, వాదాలు, పత్రికలు ఆ సౌకర్యాన్ని అటునుంచి ఇటు మార్చగలిగాయి. టర్కీ వంటి కొత్త రాజ్యం ఒకే భాషను తన ఉనికికే పునాదిగా చేసుకుంది. అక్కడ రెండవ భాష వ్యాకరణమే రాజద్రోహంగా కనిపించింది.

ఐతే బాధితుడి భాష కావడంతోనే ఏ భాషా నిర్దోషి అయిపోదు. 1960లో అస్సామీని రాష్ట్ర అధికారభాష చేస్తూ చట్టం వచ్చింది. 1961 మే 19న సిల్చార్ రైల్వేస్టేషన్‌లో బెంగాలీకోసం సత్యాగ్రహం చేస్తున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపారు, పదకొండుమంది చనిపోయారు. ఆ తరువాతే కచార్ జిల్లాలో బెంగాలీకి గుర్తింపు దొరికింది. ఇరాక్ కుర్దు ప్రాంతంలో కచేరీ భాష ప్రధానంగా సోరానీ. కుర్మాంజీవారు తమ మాటకూ చోటు అడుగుతున్నారు. జాజాకీ కుర్దీకి మాండలికమా, వేరే భాషా అన్న తగాదా ఉండనే ఉంది. దానిని మాట్లాడేవారిని అడగకుండా తీర్పు చెబితే, ఫూకన్ ఎదిరించిన వాదాన్నే మళ్లీ వల్లించినట్లవుతుంది.

2024లో అస్సామీకి ప్రాచీన భాష హోదా వచ్చింది. సంతోషించవలసిన సంగతే. కాని ఒక భాష అభ్యుదయాన్ని కొలవడానికి ప్రాచీనత చాలదు. దానికి అధికారం దక్కినరోజున పొరుగు భాష పిల్లవాడికి బడిలో ఏ పుస్తకం ఇచ్చిందో కూడా చూడాలి. అస్సామీ, కుర్దీ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే విమర్శకుడు వేయవలసిన ప్రశ్న అది.