పది వాక్యాలు

మార్చి 15 దాటింది. ఒంటిపూట బడులు. పొద్దున ఎనిమిదికి ప్రార్థన, పన్నెండున్నరకు మధ్యాహ్న భోజనం. ఎండ ముదరకముందే పిల్లలు ఇల్లు చేరాలి. ఉన్న నాలుగున్నర గంటల్లోనే నా అయిదో తరగతి పిల్లలు ఇరవై రెండు మందిని ఏప్రిల్‌లో వచ్చే ఎస్ఏ-2 వార్షిక పరీక్షకు తయారుచేయాలి. అన్ని సబ్జెక్టుల్లోకీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది తెలుగే. లెక్కల్లో ఎక్కడ తప్పారో కాగితం చూస్తే తెలుస్తుంది. తెలుగులో ఖాళీగా వదిలేసిన కాగితం ఏమీ చెప్పదు.

ప్రశ్నపత్రం మేం తయారుచేసేది కాదు, పైనుంచి వస్తుంది. పేరా చదివి జవాబులు రాయడం, అర్థాలు, వ్యతిరేక పదాలు, ఖాళీలు పూరించడం... వీటిని పిల్లలు ఎట్లాగో దాటేస్తారు. ఆగిపోయేది స్వీయరచన దగ్గర, సృజనాత్మకత దగ్గర. ‘మీకు ఇష్టమైన పండుగ గురించి పది వాక్యాలు రాయండి’, ‘మీ స్నేహితునికి లేఖ రాయండి’, ‘ఈ కథను పొడిగించండి’. ఇట్లాంటి ప్రశ్న కనబడగానే ఒకడు పెన్సిల్ చెక్కడం మొదలుపెడతాడు. ఇంకొకరి రబ్బరు కింద పడుతుంది. ఇద్దరికి ఒకేసారి దాహం వేస్తుంది. చాలా ఏళ్ళు దాన్ని నేను బద్ధకం అనుకున్నాను. అది భయం.

రెండేళ్ళ కింద, సరిగ్గా ఈ రోజుల్లోనే, నమూనా పరీక్ష పెట్టాను. అప్పుడు తరగతిలో పందొమ్మిది మంది. పండుగ ప్రశ్న ఇచ్చాను. అంతకు వారం ముందు అదే ప్రశ్నకు బోర్డు మీద నేనే జవాబు రాసి, నోటు పుస్తకాల్లో దించుకొమ్మని, ఇంటి దగ్గర చదువుకొని రమ్మని చెప్పి ఉన్నాను. సాయంత్రం ఇంట్లో కాగితాలు దిద్దుతుంటే నాలుగో కాగితం దగ్గర చేయి ఆగింది. బోర్డు మీద తొందరలో నేను ‘తంగేడు’ అనబోయి ‘తంగెడు’ అని దీర్ఘం మరిచిపోయి రాసిన సంగతి అప్పుడు తెలిసింది. పద్దెనిమిది కాగితాల్లోనూ తంగెడే ఉంది. అదే వరస, అవే పది వాక్యాలు, నా తప్పుతో సహా. తంగేడు పువ్వు వాళ్ళు చిన్నప్పటినుంచి చేత్తో తెంపిన పువ్వు. దాని పేరు కూడా నా బోర్డు మీదినుంచే తీసుకున్నారు.

పందొమ్మిదో కాగితం ఖాళీ. ఆ పాప బోర్డు మీద జవాబు రాసిన రోజు బడికి రాలేదు. మర్నాడు విరామంలో దగ్గరికి పిలిచి, “బతుకమ్మ ఆడవా బిడ్డా నువ్వు?” అని అడిగాను. ఎందుకాడను అన్నట్టు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

“పొద్దుగాల నాలుగు గంటలకు మా అమ్మ లేపుతది సార్. చెరువు కట్ట మీదికి పోతం. మంచుకు కాళ్ళన్ని తడుస్తయి. గునుగు తెచ్చినంక కొసలకు రంగు అద్దుతం. ఆ రంగు చేతులకు వారం దాక పోదు. అన్నం కలిపితే అన్నం గుడ గులాబి అయితది. మా బాపు దుబాయిల ఉంటడు కదా, సద్దుల బతుకమ్మ నాడు ఫోన్‌ల చూస్తడు. చెరువుల ఇడిచేదాక ఫోన్ పెట్టెయ్యడు.”

“మరి ఇదంతా ఎందుకు రాయలేదు?”

“ఇది మా ఇంటి ముచ్చట సార్. జవాబు కాదు గద.”

నా ఉద్యోగంలో ఎన్నో శిక్షణలకు పోయాను, ఎన్నో మాడ్యూళ్ళు చదివాను. ఆ పాప అన్న ఒక్క మాట నేర్పినంత ఏదీ నేర్పలేదు. జవాబు అనేది ఇంట్లో దొరకదని, బోర్డు మీద, గైడులో మాత్రమే ఉంటుందని ఆ పిల్లకు నేర్పింది ఎవరు? నేనే. పాఠ్యపుస్తకం వాళ్ళు ప్రతి పాఠం చివర ‘స్వీయరచన’ అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టారు. స్వీయ అంటే సొంతమని పిల్లలకు అర్థం చెప్పింది నేను. ఆ శీర్షిక కిందే నా వాక్యాలు రాయించింది కూడా నేనే.

అప్పటినుంచి పరీక్షకు తయారుచేసే పద్ధతి మార్చుకున్నాను. మొదట రాత లేదు, ముచ్చటే. ప్రశ్న చదువుతాను. పది నిమిషాలు పక్కవాళ్ళకు చెప్పుకోవాలి. తరగతి సంతలా మారుతుంది. మొదట్లో పక్క గది టీచరు తలుపు దగ్గరికి వచ్చి చూసి పోయేవారు. ఆ పది నిమిషాలు నేను ఊరికే తిరుగుతూ వింటాను. ఎవరి నోట మంచి సంగతి పడితే వాళ్ళ భుజం తట్టి, “ఇది మరిచిపోకు, ఇదే రాయి” అంటాను. తర్వాత ఒక్క వాక్యం రాయాలి, ఒక్కటే. పది రాయమంటే బెదిరేవాడు ఒకటి రాయమంటే రాస్తాడు. ఆ ఒక్క వాక్యాన్ని పక్కవాళ్ళు చదివి ఒక ప్రశ్న అడగాలి. ‘నేను అమ్మమ్మ ఇంటికి పోయిన’ అని ఒకడు రాస్తే, పక్కవాడు ‘ఎట్ల పోయినవ్?’ అని అడుగుతాడు. దానికి జవాబు రెండో వాక్యం. ‘బస్సుల ఎవరు కలిసిన్రు?’ అంటే మూడోది. ఇట్లా పోతుంటే పది వాక్యాలు కావడానికి పెద్ద కాలం పట్టదు. ఎక్కడ ఆగాలో నేర్పడమే కష్టం.

అయితే ఈ ముచ్చటకు ఒక కష్టం ఉంది, దాచను. మాటలో చక్కగా దొర్లిన సంగతి కాగితం మీదికి వచ్చేసరికి సగం అవుతుంది. చేయి నోటంత వేగంగా పోదు. ఒత్తు ఎక్కడ పెట్టాలి, ళ రాయాలా ల రాయాలా, శ నా ష నా స నా అని ఆగిన చోటల్లా చెప్పదలచుకున్నది జారిపోతుంది. అందుకని మొదటి రాతలో అక్షరదోషాల జోలికి పోను. తెలియని ఒత్తు దగ్గర చిన్న గీత పెట్టి ముందుకు పొమ్మంటాను. అంతా అయ్యాక వేలు పెట్టి, గొంతెత్తి, ఎవరిది వాళ్ళు చదువుకోవాలి. పిల్లలు తమ తప్పుల్లో సగం చెవితోనే పట్టుకుంటారు. దీర్ఘం పోతే మాట వేరేగా వినబడుతుంది కదా. ఆ తర్వాతే నా ఎర్ర పెన్ను. అదీ ఒక వారం ఒక రకం తప్పే దిద్దుతాను. ఈ వారం ఒత్తులు, వచ్చే వారం ళ, ల. కాగితమంతా ఎర్రగా చేసి ఇచ్చిన రోజుల్లో పిల్లలు మార్కు చూసుకొని కాగితం మడిచి సంచిలో పెట్టేసేవాళ్ళు. ఇప్పుడు ఎర్ర గుర్తులు నాలుగే ఉంటాయి కాబట్టి నాలుగూ చూస్తారు.

లేఖ రాయడం దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నాను. కుడివైపు పైన స్థలం, తేదీ, కింద సంబోధన, చివర సంతకం, చిరునామా అని ఏటా బోర్డు మీద గడులు గీసి చూపించేవాణ్ణి. పరీక్షలో గడులన్నీ సరిగ్గా ఉండేవి, మధ్యలో లేఖ మాత్రం ఉండేది కాదు. క్షేమం, నువ్వు కూడా క్షేమమని తలుస్తాను, ఇంతే. ఈ ఏడు దసరా సెలవులకు ముందు మా ఊరి పోస్టాఫీసులో ఇరవై రెండు పోస్టుకార్డులు కొన్నాను. కార్డు అర్ధ రూపాయి, మొత్తం పదకొండు రూపాయలు. అమ్మమ్మకో మేనత్తకో నిజంగానే రాయమన్నాను. పిన్‌కోడు ఆరు అంకెలు ఎందుకో, మొదటి అంకె ఏం చెబుతుందో, ఆ గడులు తప్పితే కార్డు ఎక్కడ తిరుగుతుందో వాళ్ళే అడిగి తెలుసుకున్నారు. కార్డులో చోటు తక్కువ కదా, ఏది రాయాలి, ఏది వదలాలి అని తలలు పట్టుకున్నారు. ‘నువ్వు వచ్చేటప్పుడు సకినాలు తే, పోయినసారి లెక్క నాలుగే కాదు’ అని ఒక పాప వాళ్ళ అమ్మమ్మకు రాసింది. పదిహేను రోజుల తర్వాత ఆ అమ్మమ్మ ఫోన్ చేసి, కార్డు పక్కింటామెతో రెండుసార్లు చదివించుకున్నానని చెప్పిందట. ఆ పాపకు ఇప్పుడు లేఖ ప్రశ్న అంటే భయం లేదు. లేఖ చదివేవాళ్ళు ఉంటారని తెలిసింది.

ఇక భాష సంగతి. నా దగ్గరికి వచ్చే ప్రతి కొత్త ఉపాధ్యాయుడూ ఇదే అడుగుతాడు. పిల్లలు ‘పోయినం, వచ్చినం, చెరువుల, ఎట్ల’ అని రాస్తే పరీక్షలో మార్కు తీసేయాలా, ఉంచాలా? పరీక్షలో ఏ తెలుగు రాయాలన్న తగవు ఈనాటిది కాదు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు చేసిన వ్యావహారిక భాషా పోరాటంలో పెద్ద భాగం విద్యార్థుల వ్యాసరచన గురించే నడిచింది. మద్రాసు విశ్వవిద్యాలయం కాంపోజిషన్ సంఘంలో ఉన్న గురజాడ, గ్రాంథికమే ఉండాలన్న అక్కడి పండితుల అభిప్రాయంతో ఏకీభవించక 1914లో అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. మరుసటి ఏడే కన్నుమూశారు. పిల్లవాడు పరీక్ష కాగితం మీద ఏ తెలుగు రాయవచ్చు అన్న ప్రశ్న కోసం ఆ మహాకవి చివరి రోజుల్లో అంత శ్రమ పడ్డారని తలచుకుంటే, నేను దిద్దే ఈ కాగితాల బరువు తెలుస్తుంది. ఆ 1914లోనే, సెప్టెంబరు 9న ప్రజాకవి కాళోజీ పుట్టారు. ఇప్పుడు ఆగస్టు 29న గిడుగు పేర తెలుగు భాషా దినోత్సవం, పదకొండు రోజులకు కాళోజీ పేర తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. రెండింటికీ మా బడిలో పాటలుంటాయి, ఉపన్యాసాలుంటాయి. గ్రాంథికం పోయి వచ్చిన వ్యావహారికం కూడా మా పిల్లల ఇంటి మాట కాదన్న సంగతి మాత్రం ఆ రెండు రోజులూ దాటాక, పరీక్ష కాగితం దగ్గరే ముందుకు వస్తుంది.

నా నిర్ణయం ఇది. మొదటి రాత ఇంటి మాటలోనే ఉండాలి, దానికి మార్కు తగ్గదు. మా స్థాయిలో జవాబు పత్రాలు దిద్దేది మేమే కాబట్టి ఆ హామీ నేను ఇవ్వగలను. కానీ రేపు ఈ పిల్లలు హైస్కూలుకు పోతారు, పదో తరగతి కాగితాలు ఎక్కడో ఎవరో దిద్దుతారు. అందుకని గోడమీద ఒక చార్టు పెట్టాం. ‘పోయినం’ పక్కన ‘వెళ్ళాం’, ‘గిట్ల’ పక్కన ‘ఇలా’, ‘పొద్దుగాల’ పక్కన ‘తెల్లవారుజామున’. మాటలు వెతికి తెచ్చింది పిల్లలే. ఎడమవైపు మాట తప్పనీ కుడివైపుది ఒప్పనీ ఆ చార్టు మీద ఎక్కడా లేదు. ‘ముచ్చట’ పక్కన ఏం రాయాలో మాకు తేలలేదు. కబురు అన్నారు, విషయం అన్నారు, సంభాషణ అన్నారు. ఏదీ సరిపోలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాం.

తల్లిదండ్రులు నా మీద కోపంగా ఉన్నారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. “సార్, ఈ ముచ్చట్లు ఎందుకు, బిట్లు చేయించండి” అంటారు. గురుకులం సీటు కావాలన్నా, నవోదయ కావాలన్నా పిల్లవాడు రాసేది బిట్ పేపరే. నవోదయ పరీక్షలో రెండు గంటల్లో ఎనభై ప్రశ్నలు. అందులో భాషవి ఇరవై, అవి కూడా పేరా చదివి గుర్తు పెట్టేవే. ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయక్కర్లేదు. హాస్టల్లో సీటు దొరికితే ఇంట్లో ఒక ఖర్చు తగ్గుతుంది, పిల్ల చదువు ఆగదు. గల్ఫ్‌లో చెమటోడుస్తున్న తండ్రికి ఆ లెక్క నాకంటే బాగా తెలుసు. అందుకని బిట్లూ చేయిస్తాను, పొద్దున మొదటి గంటంతా అదే. కానీ గుర్తు పెట్టడం ఒక్కటే నేర్చి అయిదో తరగతి దాటి, ఎనిమిదిలో, తొమ్మిదిలో ఒక పేరా రాయలేక బడి మానేసిన వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళు కనబడి “నమస్తె సార్” అన్నప్పుడల్లా నా తల వంగుతుంది.

ఎస్ఏ-2కు ఇక ఇరవై రోజులే ఉన్నాయి. ప్రశ్న రెండుసార్లు చదవాలి. ‘ఎందుకు’ అని అడిగితే కారణం, ‘మీరైతే ఏం చేస్తారు’ అంటే మీ సంగతి రాయాలి. పెద్ద ప్రశ్నకు ఇరవై నిమిషాలు మించకూడదు. పెన్సిళ్ళు రెండు చెక్కి తెచ్చుకోవాలి. ఇవన్నీ చెబుతున్నాను, అవీ అవసరమే. నిన్న ‘మీ ఊరి చెరువు గురించి పది వాక్యాలు రాయండి’ అని ఇచ్చాను. ఎనిమిది, పది, పన్నెండు దాకా రాశారు. కిటికీ పక్కన కూర్చునే అబ్బాయి మాత్రం నాలుగే రాసి ఇచ్చాడు.

‘మా చెరువు పెద్దది. ఎండకాలం చెరువు ఎండింది. మా తాత చెరువు నడుమ నిలబడి నేను ఈడనే ఈత నేర్చుకున్న అన్నడు. నేను గుడ ఆడ నిలబడ్డ.’

మార్కు ఇంకా వేయలేదు. కాగితం నా సంచిలోనే ఉంది. రేపు ప్రార్థన కాగానే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, అక్కడ నిలబడ్డప్పుడు కాళ్ళ కింద మట్టి ఎట్లా ఉండెనని అడగాలి.