కారుణ్య మరణం: కరుణ ఎవరిది?

ఈ మధ్య మన యువ కథకుల్లో ఒక ఇతివృత్తం బాగా వ్యాప్తిలో వుంది. మంచంలో తల్లో, తండ్రో, బిడ్డో వుంటారు. చుట్టూ వున్నవాళ్ల డబ్బూ, ఓపికా అయిపోతాయి. చివరి పేరాలో ఎవరో ఒకరు ఆక్సిజన్ గొట్టం తీసేస్తారు. బయట వాన కురుస్తుంది. కథ పేరు ‘విముక్తి’. గోదావరి జిల్లాల రచయితలు రాసిన కథల కట్ట ఒకటి ఈ ఏడు నా పరిశీలనకు వచ్చింది. అందులో ఇలాంటివి నాలుగున్నాయి. నాలుగింటిలోనూ గోదావరి ప్రవహించింది, నాలుగింటిలోనూ కొడుకు ఏడ్చాడు. పోయేవాడు మాత్రం ఒక్క కథలోనూ నోరు విప్పలేదు. నీకేం కావాలని అతన్ని అడిగిన పాత్ర కూడా లేదు.

ఇది కేవలం శిల్పలోపం కాదు, దృక్పథానికి సంబంధించిన లోపం. పత్రికలు మనకందించిన ‘కారుణ్య మరణం’ అనే మాటలోనే అది దాగివుంది. ఈ కరుణ ఎవరిది? చంపేవాడిది. చనిపోయేవాడి ఇష్టానికి ఆ సమాసంలో చోటు లేదు. మన భాషలో వేరే మాటలు లేకపోలేదు. స్వచ్ఛంద మరణం, ప్రాయోపవేశం, ఆత్మార్పణ వున్నాయి. 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి కన్నుమూసిన పొట్టి శ్రీరాములుది ఆత్మార్పణ అన్నాం. 2000 నుంచి 2016 దాకా దీక్ష సాగించిన మణిపూర్ ఇరోం షర్మిల మీద ప్రభుత్వం ఆత్మహత్యా ప్రయత్నం కేసు పెట్టింది. ఏ మాట వాడుతున్నామన్నదాన్నిబట్టే సగం తీర్పు అయిపోతోంది. రచయితకు ఇంతకంటే ముఖ్యమైన సమస్య ఏముంటుంది?

నిజ జీవితంలో మన ఎదుటికి వచ్చిన రెండు ఉదంతాలు చూద్దాం. 2004 డిసెంబరులో హైదరాబాదులో పాతికేళ్ల వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు కండరాల క్షీణత వ్యాధితో మృత్యుముఖంలో వున్నాడు. అవయవాలు పాడైపోకముందే వాటిని ఇతరులకిచ్చి చనిపోతానన్నాడు. తల్లి ఆ కోరికను ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తీసుకువెళ్లింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఒప్పదని కోర్టు నిరాకరించింది. కొద్ది రోజులకే అతను మరణించాడు. కళ్లు మాత్రం దానమిచ్చారు. మిగతా అవయవాలు ఎవరికీ పనికిరాలేదు.

అతని కథే 2022లో ‘సలాం వెంకీ’ పేరుతో హిందీ చలనచిత్రమయింది. రేవతి దర్శకురాలు, తల్లి పాత్ర కాజోల్‌ది. మెచ్చుకోవలసిన సంగతేమంటే, అందులో కుర్రవాడు మాట్లాడతాడు, నవ్విస్తాడు, పంతం పడతాడు. మన నాలుగు కథల్లో లేనిది అదే. కాని కోర్టు సన్నివేశాల్లో కన్నీటి పాలు ఎక్కువై, అతను వేసిన ప్రశ్న వెనక్కిపోయింది. నా శరీరం గురించిన చివరి మాట నాదా, రాజ్యానిదా అన్నది ఆ ప్రశ్న. తెలుగువాడి కథను హిందీ తెరమీద చూడవలసి రావటం, పోనీండి, వేరే సంగతి.

రెండో ఉదంతం 2016లో చిత్తూరు జిల్లాలో జరిగింది. కాలేయం చెడిన ఎనిమిది నెలల పసిబిడ్డకు మరణం ప్రసాదించమని తల్లిదండ్రులు తంబళ్లపల్లె కోర్టును ఆశ్రయించారు. కాలేయ మార్పిడికి లక్షలు కావాలి, వాళ్ల దగ్గర లేవు. వార్త బయటికి పొక్కింది, ప్రభుత్వం ఖర్చు భరించింది, శస్త్రచికిత్స జరిగింది. అంటే ఆ అర్జీలో ‘మరణం’ అని రాసివున్నచోట ‘డబ్బు’ అని చదువుకోవాలి. దీన్నీ వెంకటేశ్ అర్జీనీ కలిపి మనం కారుణ్య మరణమే అన్నాం. ఒకటి తన చావు గురించి తాను తీసుకున్న నిర్ణయం. ఇంకొకటి, వైద్యం సరుకైపోయిన సమాజం ఒక తల్లి చేత చెప్పించిన మాట. ఈ తేడా తెలియని కథ ఎంత కదిలించినా అబద్ధమే చెబుతుంది.

ఇక్కడ మన మిత్రులు కొందరు తేలిక దారి పట్టటం చూశాను. “ముందు అందరికీ వైద్యం రానీ, చనిపోయే హక్కు సంగతి తరవాత చూద్దాం” అంటారు. వినటానికి ప్రగతిశీలంగానే వుంది. కాని క్యాన్సరు ముదిరి ఎముకల్లోకి పాకినవాడు వ్యవస్థ మారేదాకా ఆగలేడు. పైగా ఈ హక్కు కోసం కోర్టుకెక్కినవాళ్లలో మనవాళ్లూ వున్నారు. శ్రీకాకుళ పోరాట కాలంలో ఉరిశిక్ష పడినా క్షమాభిక్ష కోరనన్న నాగభూషణ్ పట్నాయక్, తనమీద పెట్టిన 309 సెక్షన్ కేసును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1994లో రత్తినం కేసుతో కలిపి వెలువడిన తీర్పు ఆ సెక్షన్ను కొట్టేసింది. 1996లో జ్ఞాన్‌కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు దాన్ని మళ్లీ నిలబెట్టారు. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ సెక్షన్ లేదు. ఇంకొకరు చనిపోవటానికి తోడ్పడితే మాత్రం నేరమే.

ఎదుటి పక్షం భయమూ వుత్తుత్తిది కాదు. మరణంలో వైద్యసహాయాన్ని 2016లో చట్టబద్ధం చేసిన కెనడా, 2021లో దాన్ని మరణం దగ్గరపడని రోగులకూ విస్తరించింది. బతకటానికి సాయం దొరకని చోట చావటానికి సాయం సులభమవుతుందని వికలాంగుల సంఘాలు వ్యతిరేకించాయి. కోనసీమలో కొబ్బరితోట మధ్య పెద్ద ఇంట్లో ఒంటరిగా వున్న ముసలమ్మను తలుచుకోండి. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో వుంటారు. “ఎవరికీ భారం కాకూడదు” అని ఆమె రోజూ అంటుంది. అది ఆమె ఇష్టమా, ఆమెకు వినిపించీ వినిపించనట్టు అన్నవాళ్ల మాటా? కథకుడు తేల్చవలసింది ఇక్కడ. నాలుగు కథల్లో ఒక్కదానిలోనైనా ఈ ముసలమ్మ వుంటే బాగుండేది.

మన రాజమహేంద్రవరంలోనే నన్నయ ఆదిపర్వం తెనిగించాడు. శంతనుడు కొడుక్కి స్వచ్ఛంద మరణం వరమిచ్చింది ఆ పర్వంలోనే. తరవాత తిక్కన చేతికి వచ్చేసరికి ఆ వరం పొందినవాడు అంపశయ్య మీద వున్నాడు. చావు అతని చేతిలోనే వుంది, ఉత్తరాయణం దాకా ఆగటమూ అతని ఇష్టమే. కాని తలకింద ఆనుడుకూ, గుక్కెడు నీళ్లకూ అర్జునుణ్ణి అడగవలసి వచ్చింది. మన పండితులు ఈ ఘట్టంలో ధర్మసూక్ష్మాలు వెదికారు గాని నీళ్లిచ్చిన చేతిని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ చేయి ముంబయిలో కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సులది. 1973లో జరిగిన దాడిలో స్పృహ పోగొట్టుకున్న సహోద్యోగిని అరుణా షాన్‌బాగ్‌ను, 2015లో ఆమె చనిపోయేదాకా వాళ్లు సాకారు. ఆమెకు ఆహారం ఆపమని కోరిన పిటిషన్‌ను వాళ్లు ఎదిరించారు. 2011లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్ను తిరస్కరించింది, అదే తీర్పులో చికిత్స నిలిపివేతకు సూత్రప్రాయంగా దారి ఇచ్చింది. అరుణ ఇష్టమేమిటో నర్సులకూ తెలియదు, పిటిషన్ వేసిన రచయిత్రికీ తెలియదు. కాని పక్కమీద గుడ్డ మార్చినవాళ్ల మాటకు ఒక బరువుంది.

మందుల కోసం నల్లమందు పండించి ఎగుమతి చేసే దేశం మనది. అయినా 1985 మాదకద్రవ్యాల చట్టం పెట్టిన లైసెన్సుల చిక్కులతో, నొప్పి తగ్గించే మార్ఫిన్ మన రోగికే గగనమయింది. 2014లో చట్టం సవరించారు. కేరళలో ఇరుగుపొరుగువాళ్లే సంఘాలుగా ఏర్పడి మంచానపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్తున్నారు. నొప్పితో అరిచే మనిషి “నన్ను చంపెయ్యండిరా” అంటే, నొప్పి తీరాక కూడా ఆ మాటే అంటాడో లేదో చూసినవాడు కదా ఆ మాట రాయవలసింది!

2018లో సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, ముందుగా వీలునామా రాసుకోవచ్చంది. స్పృహ పోయాక ఏ చికిత్స వద్దో మనిషి అందులో రాసుకోవచ్చు. 2023లో ఆ పద్ధతిని సడలించి, మేజిస్ట్రేటుకు బదులు నోటరీ ముందో, గెజిటెడ్ అధికారి ముందో సంతకం చాలునంది. ఆ కాగితంలో ఏ తెలుగు వాడతారు? భీమవరంలోనో, అమలాపురంలోనో నోటరీ బల్ల ముందు ఒక పెద్దాయన కూర్చుని వుంటాడు, పక్కన కొడుకు నిలబడి వుంటాడు. టైపుమిషను ముందున్నవాడు “చెప్పండి” అంటాడు. పెద్దాయనకంటే ముందు కొడుకు నోరు తెరుస్తాడు. మన కథ అక్కణ్ణించి మొదలుకావాలి.