జల్లాఖ్ ఎడారిలో ఏతాలు

బహ్రెయిన్ పడమటి తీరంలో ఉంది జల్లాఖ్. సముద్రాన్ని వెనక వదిలి తూర్పుకు బయల్దేరితే ముందు ఫార్ములా వన్ పందాలు జరిగే సర్క్యూట్, ఆ చుట్టూ సఖీర్ ఎడారి, ఇంకాస్త ముందుకు పోతే జబల్ దుఖాన్ గుట్ట వస్తాయి. దేశం మొత్తానికి ఎత్తయిన చోటు అదే, అయినా 130 మీటర్లకు అటూఇటూ ఉంటుందంతే. నేల దాదాపు చదును కాబట్టి నడకకు ఆయాసం ఉండదు. నవంబరు నుంచి మార్చి దాకా పొద్దున్నే కుక్కను వెంటబెట్టుకుని తీరిగ్గా తిరగడానికి ఇంత సుళువైన చోటు ఈ ద్వీపంలో ఇంకోటి నాకు తెలియదు. నన్ను మాత్రం మళ్ళీ మళ్ళీ అక్కడికి రప్పించేది ఆ నేల మీద కనిపించే పనితనం.

ఇదీ ఒకరకంగా గని నేలే. గని ఊరు అనగానే మనవాళ్ళకు కోలారు గుర్తొస్తుంది. 2001లో బంగారు గనులు మూతపడ్డాక అక్కడ మిగిలినవి తుప్పు పట్టిన ఇనుప గోపురాలు, మట్టి గుట్టలు. ఇక్కడ తవ్వింది చమురు. దాని కోసం కట్టిన అవాలీ ఊరు పాడుబడలేదు, చెట్ల నీడలో ఇళ్ళతో ఇప్పటికీ కళకళలాడుతోంది. ఎడారిలో మాత్రం పని ముగిసిన బావులూ పని చేస్తున్న బావులూ పక్కపక్కనే ఉంటాయి. ఒకే నడకలో రెండూ చూడొచ్చు.

మొదటి బావి గుట్ట పాదంలో ఉంది. న్యూజిలాండ్ దేశస్థుడు ఫ్రాంక్ హోమ్స్ 1925లో బహ్రెయిన్ షేక్ దగ్గర చమురు వెతికే హక్కు సంపాదించాడు. ఈ ద్వీపంలో ఆయన ముందు తవ్వించినవి మంచినీటి బావులు. చమురు హక్కు తర్వాత అమెరికా కంపెనీ సోకాల్ చేతికి వెళ్ళింది. ఆ కంపెనీ భూగర్భ శాస్త్రవేత్త ఫ్రెడ్ డేవీస్ 1930లో వచ్చి, నేలంతా తిరిగి, ఎక్కడ తవ్వాలో గుర్తు పెట్టాడు. 1931 అక్టోబరు 16న తవ్వకం మొదలైంది. 1932 జూన్ 2 పొద్దున చమురు ఎగదన్నింది. గల్ఫ్‌కు అరబ్బుల వైపు తీరంలో మొదటి చమురు అదే. ఇప్పుడా బావి స్మారకం, దగ్గర్లోనే మ్యూజియం కూడా ఉంది.

ఈ నేలలో డేవీస్ చదివిన పాఠాన్ని మనమూ కొంత చదువుకోవచ్చు. ఇక్కడి సున్నపురాతి పొరలు ఒకప్పుడు గుమ్మటంలా పైకి ఉబ్బాయి. నడినెత్తి కోసుకుపోయి పల్లమైంది, మధ్యలో కొట్టుకుపోకుండా మిగిలిన ముక్కే జబల్ దుఖాన్. పల్లం చుట్టూ ఉన్న రాతి అంచులన్నీ లోపలికే చూస్తుంటాయి. ఆ అంచు మీద నిలబడి, కాళ్ళ కింది పొరలు ఎటు వాలాయో చూస్తే, కనిపించని గుమ్మటం కంటి ముందు నిలుస్తుంది. కింద చమురు చిక్కుకున్నది అలాంటి ఉబ్బులోనే.

ఇక బావుల్లోంచి చమురు తోడే పంప్‌జాక్‌లు. దూరం నుంచి చూసినవాళ్ళు తలూపే యంత్రాలని చెప్పి వదిలేస్తారు. ఏతం తొక్కడం చూసినవాడు అలా వదిలేయలేడు. ఏతంలో మాను మీద నిలబడ్డ మనిషి అటూఇటూ నడిచి, బానలోని నీళ్ళ బరువును తన ఒంటి బరువుతో లేపుతాడు. పంప్‌జాక్‌లో ఆ మనిషి చేసే పని క్రాంకులకు బిగించిన పోత ఇనుప దిమ్మలు చేస్తాయి. బావిలోకి దిగిన రాడ్ల వరస వందల మీటర్ల పొడవుంటుంది. పైకి లాగేటప్పుడు రాడ్ల బరువూ చమురు బరువూ కలిసి మీద పడతాయి. దిగేటప్పుడు రాడ్లు తమంతట తామే దిగుతాయి. దిమ్మలు లేకపోతే మోటారు సగం చుట్టు అల్లాడి, మిగతా సగం చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అందుకని రాడ్ల బరువుకు చమురు బరువులో సగం కలిపి, దిమ్మలను ఆ మేరకు సరిచూసి బిగిస్తారు. అప్పుడు పైకి లాగినా కిందికి దించినా మోటారుకు పని సమానం. పైన తలలా ఊగే అంత పెద్ద దూలాన్ని అంత చిన్న మోటారు రాత్రింబవళ్ళు ఆడించడంలో కిటుకు ఇదే.

ఇంతకన్నా నాకు నచ్చేది దూలం కొసన ఉన్న వంపు పలక. చమురు పనివాళ్ళు దాన్ని గుర్రం తల అంటారు. ఏతపు మాను కొస వంపుగా తిరుగుతుంది కాబట్టి బాన కట్టిన గడ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దాన్ని చేత్తో పట్టి సరిచేసే మనిషి ఒకరు ఉంటారు. చమురు బావిలో ఆ ఊపు కుదరదు. నున్నగా మెరుగు పెట్టిన రాడ్డు బావి మూతిలో బిగుతైన పట్టు గుండా దూరి దిగాలి. వెంట్రుకంత పక్కకు ఒరిగినా పట్టు అరిగి చమురు కారుతుంది. అందుకే ఆ పలక వంపును, దూలం తిరిగే బేరింగ్ కేంద్రంగా గీసిన వృత్తంలోంచి తీసుకున్నారు. వైరు తాళ్ళు ఆ వంపును ఆనుకుని దిగుతాయి. దూలం ఎంత వంగినా తాడు వేలాడే చోటు మారదు. మొత్తం చిక్కును ఒక్క వంపు తీర్చేసింది. దీన్ని మొదట గీసిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

దారి పొడవునా పైపులు తోడొస్తాయి. తిన్నగా పోతున్న పైపు ఉన్నట్టుండి పక్కకు మళ్ళి, పెద్ద చదరపు మలుపు తీసుకుని మళ్ళీ పాత దారిలో పడుతుంది. చమురుకు ఆ చుట్టు అక్కర్లేదు, ఉక్కుకు కావాలి. నలభై డిగ్రీల వేడి తేడాకు కిలోమీటరు ఉక్కు పైపు అర మీటరుకు కాస్త తక్కువగా సాగుతుంది. ఆ సాగుడును మింగడానికే ఆ మలుపు. పైపును అక్కడక్కడా ఆధారాలకు బిగించకుండా ఊరికే ఆనించి వదలడం కూడా అందుకే. వంగి చూస్తే అది జరిగి జరిగి మెరుగెక్కిన చోటు కనబడుతుంది. గల్ఫ్‌లో ఇలాంటి పైపులకు అతుకులు వేసిన వెల్డర్లలో మనవాళ్ళూ ఉన్నారు. అలలు అలలుగా సమానంగా పడిన అతుకును చూసినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు.

కుక్క పట్టీ మాత్రం చేతిలోంచి వదలొద్దు. ముళ్ళతోక బల్లి కంటపడితే కుక్క మన మాట వినదు. చమురు నేలలో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువు, గుంటల్లో పేరుకుంటుంది, కుక్క ముక్కు మనకన్నా నేలకు దగ్గర. కాబట్టి పల్లాలకూ, హెచ్చరిక పలకలున్న కంచెలకూ దూరంగా నడవాలి. ఎండ ఎక్కితే రాళ్ళకు పాదాలు కాలతాయి, తాగించడానికి నీళ్ళూ గిన్నె వెంట ఉండాలి. ఓపిక ఉన్నవాళ్ళు గుట్టకు ఆవల ఉన్న జీవవృక్షం దాకా వెళ్ళొచ్చు. నాలుగు వందల ఏళ్ళదని చెప్పే ఆ చెట్టు మన దసరా జమ్మే.

ఆగి ఉన్న పంప్‌జాక్ దగ్గరికి కూడా పోకూడదు. టైమరు మీద నడిచేవి ఉంటాయి, చెప్పాపెట్టకుండా కదులుతాయి. దూరంగా, దూలానికి సరిగ్గా పక్కగా నిలబడండి. దూలాన్ని వదిలేసి మెరుగు రాడ్డునే చూడండి. పైన అంత ఇనుము అటూఇటూ ఒరుగుతున్నా అది నిట్టనిలువుగా లేచి, నిట్టనిలువుగా దిగుతుంది.