నీడ లేని బొమ్మ

ఈ పుస్తకం రాతప్రతి పట్టుకుని మా ఇంటికి వచ్చిన రోజున రచయిత్రి నన్ను ముందుమాట అడగలేదు. టిన్‌టిన్ కామిక్స్ ఆల్బమ్ ఒకటి నా ముందు తెరిచి, ‘‘బాబాయ్‌గారూ, ఈ బొమ్మలో ఏం లేదో చెప్పండి’’ అంది. నలభై ఏళ్లు వారపత్రికలకు బొమ్మలు వేసినవాణ్ణి, నాకే పరీక్షా అనుకుంటూ కళ్లజోడు సర్దుకున్నాను. రేవుంది, ఓడుంది, మనుషులున్నారు, కుక్కపిల్లా ఉంది. పట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. నీడ లేదు!

బెల్జియం చిత్రకారుడు ఎర్జే 1929 జనవరిలో బ్రస్సెల్స్‌లో ఒక దినపత్రిక వేసే పిల్లల అనుబంధంలో టిన్‌టిన్‌ను మొదలుపెట్టాడు. పోనుపోను ఆయన గీత తేటపడింది. మనిషికైనా మేడకైనా అదే తీరు గీత, లోపల చదునుగా రంగు. షేడింగు జోలికి పెద్దగా పోడు. సినిమాకేమో వెలుగూ నీడే ప్రాణం. మరి ఈ బొమ్మ ఆ తెర మీదికి ఎలా ఎక్కాలి? పుస్తకమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

మనుషులతో తీసిన టిన్‌టిన్ సినిమా 1961లోనే వచ్చింది. బొమ్మలో రెండు చుక్కలతో సరిపోయిన కళ్లు నటుడికి ఎక్కణ్ణుంచి వస్తాయి? యాభై ఏళ్ల తర్వాత, 2011లో, స్పీల్‌బర్గ్ నటుల కదలికలను మోషన్ క్యాప్చర్‌తో పట్టి కంప్యూటర్ బొమ్మలకు తొడిగాడు. ఆ సినిమా మొదట్లో సంతలో ఒక చిత్రకారుడు టిన్‌టిన్ బొమ్మ వేసి చేతికిస్తాడు. ఆ చిత్రకారుడి ముఖం ఎర్జేది. కాగితం మీద ఉన్నది ఎర్జే గీసిన చదును టిన్‌టిన్. కచేరీకి ముందు గురువుకు దండం పెట్టుకోవడమే అది అంటుంది రచయిత్రి. ఆ మాట నాకు తట్టనందుకు కాస్త ఈర్ష్య పడ్డాను.

ఆస్టెరిక్స్ అధ్యాయం మరీ రుచిగా ఉంది. రచయిత గోసిన్నీ, చిత్రకారుడు ఉదెర్జో 1959లో పుట్టించిన ఆ గాల్ వీరుణ్ణి 1967లో వాళ్లకు చెప్పకుండానే యానిమేషన్ సినిమాగా తీసేశారు. వాళ్లకు నచ్చలేదు. మరుసటి ఏడాది ‘క్లియోపాత్రా’ సినిమా పని తామే చేతుల్లోకి తీసుకున్నారు, 1974లో సొంత స్టూడియోనే పెట్టుకున్నారు. ఎందుకంత పట్టుదల? ఆ ఆల్బమ్‌లలో గోథులు నోరు తెరిస్తే మాటల బుడగలో పాత జర్మన్ అచ్చు అక్షరాలు కనబడతాయి, ఈజిప్టువాళ్లు మాట్లాడితే బొమ్మల లిపి. అది కంటితో నవ్వే నవ్వు. తెర మీద బుడగ ఉండదు, ఆ నవ్వంతా చెవికి మప్పాలి. 2002లో అదే క్లియోపాత్రా కథను నటులతో తీసిన అలాన్ షబా, ఆల్బమ్‌లో లేని ఒక లేఖకుణ్ణి తెచ్చి ఓటిస్ అని పేరు పెట్టాడు. లిఫ్టుల కంపెనీ పేరది! గోసిన్నీ రాయని హాస్యం, కానీ గోసిన్నీ బాణీ. మాతృకకు విధేయత అంటే ఇదీ అని రచయిత్రి ఓపిగ్గా విప్పి చెప్పింది.

పెద్దవాణ్ణి గనక ఒక మొట్టికాయ. ‘పెర్సెపొలిస్’కు రెండు పేజీలేనా? ఇరాన్‌లో తన బాల్యాన్ని ఫ్రెంచిలో నలుపు తెలుపు బొమ్మలుగా చెప్పుకున్న మర్జానె సత్రపి, 2007లో విన్సెంట్ పరొనోతో కలిసి తానే దాన్ని సినిమా తీసింది. జ్ఞాపకాలను ఆ నలుపు తెలుపుల్లోనే ఉంచింది. నీడ లేని ఎర్జేను ఇంత చదివిన పిల్ల, పేజీకి పేజీ నీడగా పరిచిన సత్రపి దగ్గర అంత తొందరగా లేచి రాకూడదు. మలి ముద్రణలో ఆ బాకీ తీర్చాలి.

ఆ వేళ ఆల్బమ్ మా ఇంట్లోనే వదిలి వెళ్లింది. రాత్రి పెన్సిల్ తీసి టిన్‌టిన్‌ను వేయబోయాను. అలవాటు కొద్దీ చెయ్యి కాళ్ల కింద నీడ పెట్టేసింది. చెరిపాను. కుర్రాడు గాలిలో తేలాడు. ఎర్జే కుర్రాడేమో పక్క పేజీలో, ఏ నీడా లేకుండా, నేల మీద నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.