వెట్టి, విశ్రాంతిదినము, యుద్ధము: సుందరయ్య గ్రంథముపై ఒక విమర్శనాత్మక పఠనము

ఉపోద్ఘాతము

ఉప్పల్‌లో వరంగల్ వెళ్లే బస్సు ఎక్కితే ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు దాటి జనగామ చేరుతాము. పాలకుర్తి, విసునూరు, కడవెండి ఆ ప్రాంతపు గ్రామాలే. జవహర్‌నగర్‌లోను, నాచారం పారిశ్రామికవాడ చుట్టుపక్కల బస్తీలలోను మేము పరిచర్య చేస్తున్న కుటుంబాలలో అనేకము ఆ దారినే బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవి. ఒక ఆదివారము ఫిలేమోను పత్రికపై ప్రసంగము ముగిసిన తరువాత ఒక వృద్ధ సహోదరుడు మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఒనేసిము మళ్ల పోయిండు, మంచిదే. మరి ఆ దొర ఏమన్నడు? మా నాయినైతే మళ్ల పోలే” అన్నాడు. ఆయన తండ్రి గడిలో వెట్టి చేయలేక రాత్రికి రాత్రి ఊరు విడిచినవాడు.

మా ప్రసంగములో ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు వెదుకుతూ మేము తిరిగి తెరచిన పుస్తకము బైబిలు వ్యాఖ్యానము కాదు. తెలంగాణ ప్రజల పోరాటము, దాని గుణపాఠములను గూర్చి పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఆంగ్లములో ప్రకటించిన గ్రంథము అది. తరువాత తెలుగులోను వచ్చినది. కమ్యూనిస్టు నాయకుని గ్రంథముతో సెమినరీకి ఏమి పని అని కొందరు అడుగవచ్చు. మన సంఘ చరిత్రలు వ్రాయక విడిచిన ఒక అధ్యాయము అందులో ఉన్నది గనుక పని ఉన్నదనియే మా అభిప్రాయము.

గ్రంథము చూపినది

ఈ గ్రంథపు గొప్ప బలము వెట్టిని ఒక్క మాటతో సరిపెట్టకపోవడము. ఏ కులము, ఏ వృత్తి ఏమి చేయవలసివచ్చెనో వేరువేరుగా చెప్పును. దళిత కుటుంబము ఇంటికొక మనిషిని పంపవలెను. చెప్పులు కుట్టేవారు చెప్పులు, గీతకార్మికులు కల్లు, నేతవారు బట్టలు, గొల్లలు గొర్రెలు ఇచ్చుకోవలెను. చాకలి, మంగలి, కుమ్మరి గడికి ఊరక పనిచేయవలెను. దొర కూతురు అత్తవారింటికి వెళ్లునప్పుడు బానిస పిల్లలను కూడా సారెతో పంపిన సంగతి చదివినప్పుడు, హాగరు చరిత్రను మనము ఎంత తేలికగా బోధిస్తున్నామో అని సిగ్గు కలుగును. విసునూరు దేశముఖుకు 40 వేల ఎకరములు ఉండెనని సుందరయ్య వ్రాసినారు. అంత భూమి గలవానికి కూలి ఇవ్వని చేతులు కావలసివచ్చెను.

రెండవ బలము, వివాదము యుద్ధమువరకు నడచిన మెట్లను చూపడము. నిజాం ప్రభుత్వము అప్పు క్రింద మనిషిని కట్టివేసే భగేలా ఒప్పందములపై 1936లో చట్టము చేసెను. గాని చట్టమును అమలు చేయవలసిన పటేలు పట్వారీలే గడికి అండగా ఉండిరి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ ఏండ్ల తరబడి మహజరులు, తీర్మానములతో అడిగెను. 1944లో భువనగిరి సభతో మహాసభ రెండుగా చీలెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలముపై పంటను దొర మనుష్యులు కోసుకొనిపోవ ప్రయత్నించగా సంఘమువారు అడ్డుపడిరి. 1946 జులై 4న కడవెండిలో దొర మనుష్యుల తుపాకికి దొడ్డి కొమురయ్య బలియయ్యెను. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటమునకు పిలుపు వచ్చెను. 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చి నిజాం పాలన ముగిసిన తరువాత కూడా అది ఆగలేదు. 1951 అక్టోబరులో విరమింపబడెను. 3 వేల గ్రామములు, 10 లక్షల ఎకరముల పంపిణీ, 4 వేలమంది మరణము అని సుందరయ్య లెక్క.

వినతి, తీర్మానము, అడ్డుకొనుట, ఒక శవము, అటుపిమ్మట తుపాకి: ఇదే వరుస. మొదటి మూడు మెట్లలో ఎక్కడైనను వెట్టి నిజముగా ఆగియుంటే కడవెండిలో ఆ శవము లేచియుండేది కాదేమో.

గ్రంథములో వెలితి

అయితే మేము ఈ గ్రంథముతో పూర్తిగా ఏకీభవింపలేము. 1948 తరువాతి భాగములలో ఎత్తుగడలు, పార్టీలోని వాదోపవాదములు ఎక్కువ చోటు ఆక్రమించినవి. అంతవరకు పేరుపేరున కనబడిన వెట్టి మనిషి అక్కడ సమూహములో కలిసిపోయినాడు. “బాంచన్, నీ కాల్మొక్త” అన్నవాడు తల ఎత్తుటకు భూమి ఒక్కటే చాలెనా? అతని లోపల ఏమి మారెను? తుపాకి పట్టిన చేతికి, కాల్చబడిన పొరుగువాని ఇంటికి ఆ సంవత్సరములు ఏమి మిగిల్చెను? పోరాటమును ఎప్పుడు విరమింపవలసినదో గ్రంథము శ్రద్ధగా చర్చించును. చంపుటను గూర్చిన ప్రశ్నను అంత శ్రద్ధగా పట్టించుకొనలేదు. దొర హింస ముందు మొదలైనదనుట సత్యమే. అయినను ఆ సత్యముతో ఈ ప్రశ్న తీరిపోదు.

మన గ్రంథములలో వెలితి

ఈ మాట అన్న తరువాత మన అలమర వైపు తిరుగక తప్పదు. 1878 జులై 3న ఒంగోలు మిషనులో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని ప్రతి సెమినరీ విద్యార్థికి తెలియును. ఆ విశ్వాసులు బాప్తిస్మము తరువాత ఎదుర్కొన్న మొదటి తగాదా ఏమిటో ఎందరికి తెలియును? క్లౌ దొరగారి జ్ఞాపకముల గ్రంథము 1914లో వెలువడినది. ఆదివారము పని చేయము, జాతరలో డప్పు కొట్టము అన్నందుకు మాదిగ విశ్వాసులను గ్రామాధికారులు బాధించిన సంగతి అందులో ఉన్నది. మనము ఆ సంఖ్యను కంఠస్థము చేసి ఈ తగాదాను మరచితిమి.

విశ్రాంతిదినము వెట్టికి తగిలిన దెబ్బ. ఎప్పుడు పిలిచినా రావలసినవాడు “ఈ దినము నాది కాదు, నీదియు కాదు, ప్రభువుది” అనెను. నిర్గమకాండము 5వ అధ్యాయములో మోషే మొదట కోరినది కనానును కాదు, ఆరాధనకు మూడు దినముల సెలవును. ఫరో దానిని సోమరితనమని పేరుపెట్టి, గడ్డి ఇవ్వకయే ఇటుకల లెక్క అంతే ఉంచెను. వెట్టి చేయించువాడు ఆ సెలవు వెనుక ఏమి రాబోవుచున్నదో సేవకునికంటె ముందే గ్రహించును.

చీలిన మిషను

హనుమకొండలో 1879లో, నల్లగొండలో 1890లో మిషను కేంద్రములు స్థాపించినది ఆ అమెరికన్ బాప్టిస్టు మిషనే. ఆ మిషను తల్లిసంఘమే బానిసత్వముపై చీలినది. 1844లో మెథడిస్టుల మహాసభ బిషప్ జేమ్స్ ఆండ్రూ బానిసలను కలిగియుండుటపై చీలిపోయెను. బానిసల యజమానిని మిషనెరీగా పంపుట కుదరదన్న మాటపై బాప్టిస్టులు చీలి, 1845 మే నెలలో అగస్టాలో దక్షిణాది కన్వెన్షన్ ఏర్పడెను. బానిసత్వమును సమర్థించిన సెనేటర్ కాల్హౌన్ సైతము 1850 మార్చి 4న చదివించిన తన ప్రసంగములో, దేశమును కలిపియుంచిన సంఘముల త్రాళ్లు తెగుచున్నవని హెచ్చరించెను. అదే సంవత్సరము పారిపోయిన బానిసలను పట్టి అప్పగించు చట్టము, 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు, 1861లో యుద్ధము. వాడుకలోనున్న అంచనా ప్రకారము 6 లక్షల 20 వేలమంది చనిపోయిరి.

చీలిక యుద్ధమునకు కారణమైనదని కొందరు పండితులు సంఘములను నిందింతురు. మా దృష్టిలో నింద వేరొక చోట పడవలెను. చీలికకు ముందు అనేక సంవత్సరములు, ఐక్యత చెడకుండుటకై, ఇది సంఘము పని కాదు, రాజ్యము పని అని రెండు పక్షములు మౌనము వహించినవి. మాట్లాడుటకు సమయమున్నప్పుడు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు త్రాడు తెగిపోయెను. దక్షిణాది కన్వెన్షన్ ఆ పాపమును బహిరంగముగా ఒప్పుకొన్నది 1995లో.

ఆ ఉత్తరాది శాఖనుండియే మనకు సువార్త వచ్చినది. బానిస యజమానిని మిషనెరీగా అంగీకరింపని సంఘపు బిడ్డలము మనము. అయినను జనగామ, సూర్యాపేట ప్రాంతములలో వెట్టిపై అగ్ని రగులుచుండగా మన సంఘములు ఎక్కడ నిలిచినవో చెప్పు పాఠము మన తరగతిగదులలో లేదు.

ఫిలేమోను పత్రికకు తిరిగి

దక్షిణాది బోధకులు ఫిలేమోను పత్రికలో ఒక్క సంగతినే పట్టుకొనిరి: పౌలు బానిసను తిరిగి పంపెను. మేమును ఆ ఆదివారము దాదాపు అంతే చెప్పితిమి. కాని పత్రికను మొదటినుండి చదివిన యెడల, అది ఫిలేమోనుకు మాత్రమే వ్రాయబడలేదు. అప్ఫియకు, అర్ఖిప్పుకు, అతని ఇంటనున్న సంఘమునకు వ్రాయబడినది. ఇది యజమానునికి బానిసకు మధ్యనున్న సొంత వ్యవహారమని పౌలు విడిచిపెట్టలేదు; సంఘమును సాక్షిగా పెట్టెను. ఒనేసిము అప్పు తన లెక్కలో వేయుమనెను. తనకు బస సిద్ధము చేయుమనెను, అనగా వచ్చి చూచెదనని అర్థము. దొర ఏమన్నాడో పత్రిక చెప్పదు. ఆ దొర ఒంటరిగా తీర్మానించుకొనే వీలు మాత్రము అది ఇవ్వదు.

ఆ వృద్ధునికి మేము ఈ జవాబే చెప్పితిమి. ఆయన విని, “మా ఊర్ల గట్ల సాక్షి ఎవరున్నరు అయ్యగారూ?” అన్నాడు.

ముగింపు

వెట్టిని రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించినది; 1976లో కట్టుబానిసత్వ నిర్మూలన చట్టము వచ్చినది. అయినను ముందుగా అప్పు తీసుకొని ఒడిశానుండి మన నగర శివార్లలోని ఇటుక బట్టీలకు వచ్చు కుటుంబములున్నవి. ఫరో ఇటుకలను గూర్చి ప్రసంగించువారికి వాటి దారి దూరము కాదు. సహపరిచారకులు ఈ నెలలో ఒక ఆదివారము సాయంత్రము అక్కడికి వెళ్లి, వారికి ఆదివారము ఉన్నదా అని అడుగవలెనని, సెమినరీ విద్యార్థులు సుందరయ్య గ్రంథమును, క్లౌ గ్రంథమును ఒకే బల్లమీద పెట్టుకొని చదువవలెనని మా మనవి. మన ఇండ్లలో పని చేయుచున్నవారికి ఆదివారము ఉన్నదా అను ప్రశ్న మాత్రము ఎక్కడికీ వెళ్లకయే అడుగవచ్చును.